ఎనిమిదో తరగతి పిల్లాడు నెల రోజులుగా మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

పాలమూరు_పంతులు (సోషల్ టీచర్, నారాయణపేట వైపు)

అందరికీ నమస్తే. నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఊరి పేరు, పిల్లాడి పేరు రాయడం లేదు, దయచేసి అడగకండి.

పోయిన ఏడాది క్లాసులో అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు వీడే. దసరా సెలవులయ్యాక వచ్చినప్పటి నుంచి చివరి బెంచీకి మారాడు. పేరు పిలిస్తే లేచి నిలబడతాడు, అంతే. నోట్సు వెనక పేజీలు గోరంత ముక్కలుగా చించి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంటాడు. పీరియడ్ అయ్యేసరికి బెంచీ కింద పేలాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజు దాన్ని తినడు, దస్తీలో చుట్టుకుని జేబులో పెట్టుకుంటాడు. వాళ్ల అమ్మానాన్న సెంట్రింగ్ పనికి పుణె పోయారు. పిల్లాడు అవ్వ దగ్గర ఉంటున్నాడు.

మా వైపు ఇది కొత్త కాదు. ప్రతి క్లాసులో అయిదారుగురి తల్లిదండ్రులు పుణెలోనో ముంబయిలోనో బెంగళూరులోనో ఉంటారు. అందుకే మొదట్లో నేను పట్టించుకోలేదు. పైగా ఒకరోజు "నోట్లో నాలుక లేదా" అని అందరి ముందు అన్నాను. అన్నప్పటి నుంచి నాకే మనసు మనసులో లేదు. మా బడిలో కౌన్సెలర్ లేరు. నాకు ఈ విషయంలో ట్రైనింగ్ లేదు. ఏదో ఒకటి అని ఇంకా చెడగొడతానేమోనని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మర్రిగూడ_మేడం (ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్, నల్గొండ)

సార్, ముందు ఆ మాట సంగతి చూడండి. మీరే వాడి దగ్గరికి వెళ్లి, "ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సింది" అని చెప్పండి. సారీ చెబితే విలువ పోతుందని మనకో భయం ఉంటుంది. నేను ఒకసారి చెప్పాను, నా విలువ ఎక్కడికీ పోలేదు.

మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ప్రాంతం. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు సంగతి ఇది. అయిదో తరగతిలో ఒక అమ్మాయి పాఠం చదివేటప్పుడు పుస్తకం ముక్కు దాకా ఎత్తి పట్టుకునేది. గొంతు పుస్తకంలోనే ఆగిపోయేది. "పుస్తకం దించి చదువు" అని రెండుసార్లు గట్టిగా అన్నాను. మూడోసారి దించింది, చదవలేదు, ఏడ్చింది. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గారలు. మధ్యాహ్నం ఆటలో పిల్లలు ఆమెను ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారట. క్లాసంతటికీ తెలుసు, నాకు తప్ప.

మర్నాడు ఆ అమ్మాయికి సారీ చెప్పాను. తర్వాత క్లాసుకు పన్ను ఎలా తయారవుతుందో బొమ్మ గీసి చెప్పాను. పన్ను చిగురు లోపల ఉండి తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల ఆ గార వస్తుంది, తోమకపోవడం వల్ల కాదు అన్నాను. ఒకడు లేచి "అయితే మా నాయన పళ్లు కూడా అందుకేనా మేడం?" అని అడిగాడు. ఎగతాళి ఒక్క రోజులో ఆగలేదు గానీ ఆ పేరు మాత్రం మళ్లీ వినపడలేదు. నేను చెప్పేది ఏంటంటే, మనం మొండితనం అనుకున్నదాని వెనక తరచూ ఏదో ఒకటి దాచుకోవడం ఉంటుంది. మీవాడు ఆ గుడ్డు ఎవరికోసం దాచుకుంటున్నాడో కనుక్కున్నారా?

పెద్దసారు_సూర్యాపేట (రిటైర్డ్ హెచ్ఎం)

నేను 33 ఏళ్లు చదువు చెప్పాను. కోపం తెచ్చుకోకుండా వినండి. ఈ మధ్య ప్రతిదానికీ మానసిక సమస్య అంటున్నారు. మా కాలంలో పిల్లలు పస్తులుండి ఆరేడు కిలోమీటర్లు నడిచి వచ్చేవారు, దెబ్బలు తిన్నారు, పైకొచ్చారు. మరీ సుతారంగా పెంచితే రేపు చిన్న కష్టానికే కూలబడతారు. ఇంకో మాట. టీచర్ మీద ఇప్పటికే సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఎలక్షన్ డ్యూటీలు ఉన్నాయి. ఇప్పుడు మనసు డాక్టర్ పని కూడా చేయమంటే ఎలా? పిల్లాడిని ముందు బెంచీకి మార్చండి, రోజూ ఒక ప్రశ్న అడగండి, దారికి వస్తాడు.

నల్గొండ_సైకాలజిస్ట్ (ఆస్పత్రిలో పిల్లలను చూస్తాను)

పెద్దసారుకు నమస్కారం. టీచర్ మీద ఉన్న బరువు గురించి మీరన్నది నిజం. టీచర్ వైద్యం చేయాల్సిన అవసరం లేదు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి ఆస్పత్రికి పంపుతాం కదా, అంతవరకే.

కానీ ముందు బెంచీకి మార్చి రోజూ ప్రశ్న అడగడం మాత్రం ఇప్పుడు వద్దు. మాట రాని పిల్లాడిని రోజూ అందరి ముందు నిలబెట్టడం వాడికి రోజూ ఒక శిక్ష. దెబ్బలు తిని పైకొచ్చినవాళ్లు మనకు కనిపిస్తారు. బడి మానేసి హోటళ్లలో, బట్టీల్లో చేరినవాళ్లు పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు రారు కదా సార్. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

పంతులు సార్, ఎలా మాట్లాడాలో చెబుతాను. స్టాఫ్‌రూముకు పిలవకండి. పిల్లలకు స్టాఫ్‌రూమంటే తప్పు చేసినట్టే. ఏదైనా పని చేస్తూ పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి. మొక్కలకు నీళ్లు పోస్తూనో, మ్యాపులు చుట్టి పెడుతూనో. ఎదురెదురుగా కూర్చుంటే కళ్లలోకి చూడాల్సి వస్తుంది, మాట రాదు. "ఏమైంది, ఎందుకిలా ఉన్నావు" అంటే "ఏం లేదు సార్" అంటాడు. మీరు చూసినదే చెప్పండి: "నెల నుంచి చూస్తున్నా, కాగితాలు చింపుతున్నవు, గుడ్డు తింటలేవు." అని ఆగండి. ఆ తర్వాత మౌనంగా ఉండటం మనకు చాలా కష్టం. అయినా ఉండండి.

నేను పిల్లలను డిప్రెషన్ ఉందా, యాంగ్జయిటీ ఉందా అని ఎప్పుడూ అడగను. "మనసుల రంధి పెట్టుకున్నవా బిడ్డా?", "రాత్రి బుగులైతదా?" అంటాను. మన ఇళ్లలో ఈ మాటలు ఉన్నాయి. రంధి అంటే లోపల తిరుగుతూనే ఉండే చింత, బుగులు అంటే కారణం చెప్పలేని భయం, మనాది అంటే పోయినవాళ్ల కోసం, దూరమైనవాళ్ల కోసం కుములుతూ ఉండటం. మూడూ వేరు వేరు, పిల్లలకు ఆ తేడా బాగా తెలుసు. పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె నాతో "రంధి కాదు సార్, బుగులు" అని సరిదిద్దింది.

బతకాలని లేదన్న మాట నోట వచ్చినా, రాతలో కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అలాంటప్పుడు పిల్లాడిని ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లకు అదే రోజు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరు, అంటే మనసు బాగోనివాళ్లకు ప్రభుత్వ ఫోన్ సాయం, 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. టీచర్లు కూడా చేసి సలహా అడగవచ్చు, చాలామందికి ఇది తెలియదు.

కస్తూర్బా_సీఆర్టీ (కస్తూర్బా బాలికల హాస్టల్ బడిలో కాంట్రాక్టు టీచర్, నాగర్‌కర్నూల్)

మా హాస్టల్ అనుభవం చెబుతాను, పనికొస్తుందేమో.

జూన్‌లో ఆరో తరగతిలో చేరిన అమ్మాయిల్లో కొందరు రాత్రి తొమ్మిదింటికి కడుపు నొప్పి అని వచ్చేవారు. ఏఎన్ఎం (నర్సు) మాత్ర ఇచ్చి రిజిస్టర్‌లో రాసేది. ఒకరోజు తోచక ఆ రిజిస్టర్ తిరగేశాను. ఒకే అమ్మాయి పేరు నెలలో పదకొండు సార్లు ఉంది. తేదీలు క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే ఎక్కువ భాగం ఆదివారాలు, లేదంటే వాళ్ల నాన్న వచ్చి వెళ్లిన రోజులు. కడుపులో ఏమీ లేదు. అట్లాగని నొప్పి అబద్ధం కూడా కాదు, నిజంగానే మెలికలు తిరిగేది.

మాత్ర మానేయలేదు. మాత్రతో పాటు పది నిమిషాలు కూర్చోబెట్టుకున్నాను. ఇంట్లో మేకలున్నాయని, వాటిలో ఒకటి తన చేతిలోనే ఈనిందని చెప్పింది. ఆ తర్వాత నాన్న ఫోన్ చేసినప్పుడల్లా మేకపిల్ల సంగతి కూడా చెప్పమని ఆయనను అడిగాను. దసరా నాటికి రిజిస్టర్‌లో ఆ పేరు అరుదైంది. ఇప్పుడు నెలకోసారి ఏఎన్ఎం రిజిస్టర్ చదవడం నాకు అలవాటైంది. మీ బడిలో హాజరు పట్టీనే అలా చదివి చూడండి సార్, ఏ రోజుల్లో రావట్లేదో.

ఒక హెచ్చరిక. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాత్రం పిల్లలకు మాట ఇవ్వకండి. ఎవరైనా చెడుగా తాకారనో, ఇంకేదైనా చేశారనో చెబితే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. నేను మొదటే "నీకు ప్రమాదం లేనంతవరకు నా దగ్గరే ఉంటుంది. ప్రమాదం ఉంటే నిన్ను కాపాడేవాళ్లకు చెబుతాను, నీకు చెప్పే చెబుతాను" అంటాను. అయినా చెబుతారు.

దేవరకొండ_స్టూడెంట్ (ఇంటర్ సెకండియర్, హైదరాబాద్ హాస్టల్)

అందరూ పెద్దవాళ్లు రాస్తున్నారు, నేనూ రాయొచ్చా?

మా కాలేజీలో వారానికో పరీక్ష. ర్యాంకు తగ్గితే కింది సెక్షన్‌కు మారుస్తారు. సెక్షన్ మారితే రూమ్ కూడా మారాలి. పరుపు చుట్టుకుని, బకెట్ పట్టుకుని, అందరూ చూస్తుండగా వేరే ఫ్లోర్‌కు నడవాలి. నేను రెండుసార్లు నడిచాను. రెండోసారి బకెట్‌లో మగ్గు చప్పుడు చేస్తుంటే ఆపడానికి దాన్ని చంకలో పెట్టుకున్నాను. ఎందుకో అదొక్కటే గుర్తుంది. ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్న" అన్నాను. ఫీజు కోసం నాన్న అప్పు తెచ్చాడు, ఏం చెప్పాలి?

నన్ను ఆపింది మా ఊరి బడిలోని పీఈటీ సారు. పదో తరగతి అయిపోయినా నెలకోసారి ఫోన్ చేస్తాడు. "తిన్నవా? నిద్ర పడుతున్నదా?" అని అడుగుతాడు. మార్కుల ఊసు ఎత్తడు. ఒకసారి నిద్ర పట్టట్లేదని చెప్పాను, అంతే, మర్నాడు నాన్నను తీసుకుని హైదరాబాద్ వచ్చాడు. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, చదువుతున్నాను కూడా. పంతులు సార్, మీ పిల్లాడు తొందరగా చెప్పకపోవచ్చు. మళ్లీ మళ్లీ అడగండి, ప్లీజ్.

వకీల్_మహబూబ్‌నగర్

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. రాసినందుకు సంతోషం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు తెలియాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసు అది. బళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. వంద మంది, అంతకు మించి పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి నంబర్లు క్లాసుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

పంతులు సార్, మీ బడిలో వంద మంది దాటి ఉంటారు కదా. కౌన్సెలర్ కావాలని మీ హెచ్ఎం చేత మండల, జిల్లా విద్యాధికారులకు (ఎంఈఓ, డీఈఓ) రాతపూర్వకంగా అడిగించండి. నోటిమాట ఫైల్లోకి ఎక్కదు.

పాలమూరు_పంతులు

అందరికీ ధన్యవాదాలు. నిన్న మాట్లాడాను.

సైకాలజిస్ట్ సార్ చెప్పినట్టే సాయంత్రం మ్యాపులు సర్దే పని పెట్టుకుని వాడిని ఉండమన్నాను. మొదట సారీ చెప్పాను. తల ఎత్తి చూశాడు, మళ్లీ దించుకున్నాడు. భారతదేశం మ్యాపు చుట్టాం, ప్రపంచం మ్యాపు చుట్టాం. తెలంగాణ మ్యాపు చుడుతుంటే "పుణె ఇండ్ల లేదా సార్?" అన్నాడు. లేదు, అది మహారాష్ట్రలో ఉంటుందని ఇందాక చుట్టిన మ్యాపు మళ్లీ విప్పి చూపించాను. వేలితో మా ఊరి నుంచి పుణె దాకా మెల్లగా గీశాడు. అప్పుడు అడిగాను, గుడ్డు ఎవరికని.

"అవ్వకు సార్. అవ్వ ఏం తింటలేదు. రాత్రంతా దగ్గుతది. దగ్గుతుంటె నాకు నిద్ర రాదు. దగ్గు ఆగిపోతె ఇంక బుగులైతది, లేచి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్త."

పదమూడేళ్ల పిల్లాడు నెల రోజులుగా రాత్రిళ్లు ఊపిరి చూసుకుంటూ కూర్చుంటున్నాడు. మేము పొద్దున వాడిని లేపి ప్రశ్నలు అడుగుతున్నాం. అమ్మానాన్నకు చెప్పలేదా అంటే, "చెప్తె పని ఇడిసి వస్తరు, ముకద్దం తాన పైసలు తీసుకున్నరు" అన్నాడు. ముకద్దం అంటే కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ. ఇప్పుడు ఏం చేయాలి?

నల్గొండ_సైకాలజిస్ట్

సార్, పిల్లాడికి మందు ముందుగా అవ్వ దగ్గర ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, మందులు అన్నీ ఉచితం. ఊరి ఆశా కార్యకర్తకు ఈరోజే చెప్పండి. ఒకవేళ టీబీ అయితే పిల్లాడిని కూడా చూడాలి.

అమ్మానాన్నకు మీరే ఫోన్ చేయండి. ఆ బరువు వాడి నెత్తిన ఉండకూడదు. "మీ కొడుకు చదవట్లేదు" అని మొదలుపెట్టకండి. వాడు అవ్వను ఎంత బాగా చూసుకుంటున్నాడో ముందు చెప్పండి. రెండు మూడు వారాల్లో నిద్ర, తిండి దారిలో పడకపోతే మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.

గద్వాల_అమ్మ

నేను టీచర్ను కాదు, మా బిడ్డ తొమ్మిది చదువుతోంది. మా దగ్గర సీడ్ పత్తి. క్రాసింగ్ రోజుల్లో, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే రోజుల్లో, చేతులు చాలవు. పోయిన ఏడాది నేనే బిడ్డను బడి మాన్పించి నెలన్నర చేన్లోకి తీసుకుపోయాను. తప్పు నాదే. కానీ మళ్లీ బడికి పోయిన రోజు జరిగిన సంగతి చెబుతాను. లెక్కల సారు "వచ్చినవా పత్తి మేడం" అన్నాడట. క్లాసంతా నవ్వింది. ఆ మర్నాటి నుంచి తల నొప్పి, జ్వరమొచ్చినట్టుంది అనేది. గాలి సోకిందేమో అని తాయెత్తు కూడా కట్టించాను. చివరికి వాళ్ల తెలుగు మేడం ఇంటికొచ్చి అడిగితే అప్పుడు చెప్పింది.

మా పేదరికాన్ని పిల్లల ముందు నవ్వులాట చేయకండి సార్. ఈ ఏడాది నేను బిడ్డను చేన్లోకి తీసుకుపోలేదు. కూలి మనిషిని పెట్టుకున్నాను, కష్టమైంది, అయినా పెట్టుకున్నాను.

పెద్దసారు_సూర్యాపేట

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాలుగు రోజులుగా ఒక సంగతి రాయాలా వద్దా అనుకుంటున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక పిల్లాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. ప్రార్థన దగ్గర అందరి ముందు నిలబెట్టేవాణ్ని. ఒక రోజు రావడం మానేశాడు. పేరు కొట్టేశాం. తర్వాత ఎప్పుడో బస్టాండులో కనిపించి నమస్తే పెట్టాడు, ఆటో నడుపుతున్నాడు. వాళ్లమ్మ మంచాన పడి ఉండేదట, ఆమెకు ఒళ్లు తుడిచి, గంజి పోసి వచ్చేవాడట. "అప్పుడు చెప్పలేదేంరా" అంటే "మీరు అడగలేదు సార్" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

క్రమశిక్షణ ఉండాలని ఇప్పటికీ అంటాను. పిల్లలకు టైమంటే తెలియాలి. కానీ ఆలస్యానికి శిక్ష వేసేముందు కారణం అడగాల్సింది. పంతులు గారూ, అవ్వను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఆటో ఖర్చు ఏమైనా ఉంటే నేను పంపుతాను. నిర్వాహకుల ద్వారా చెప్పండి.

వేదిక_నిర్వాహకులు

పిల్లాడి ఊరు, పేరు అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. సాయం చేయాలనుకునేవారు మాకు మెసేజ్ పెట్టండి. అత్యవసరమైతే ఇక్కడ రాసి ఎదురుచూడకండి: మనసు బాగోకపోతే 14416, పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098.

పాలమూరు_పంతులు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అవ్వకు టీబీ లేదు. ఉబ్బసం అన్నారు, పీల్చే మందు ఇచ్చారు. ఎలా పీల్చాలో ఆశా అక్క పిల్లాడికి నేర్పింది, ఇప్పుడు వాడే అవ్వకు గుర్తుచేస్తాడు. రాత్రిళ్లు పక్కింటి పెద్దమ్మ అవ్వ దగ్గర పడుకుంటోంది. ఈ ఒక్క ఏర్పాటుతో వాడి నిద్ర చాలావరకు కుదిరింది. పెద్దసారూ, ఆటో ఖర్చు మా స్టాఫే చూసుకున్నాం, మీరు అడిగారు, అది చాలు.

అమ్మానాన్నతో శనివారం సాయంత్రం నా ఫోన్లో వీడియో కాల్ మాట్లాడిస్తున్నాను. మొదటి వారం వాళ్లమ్మ ఏడ్చింది, వీడు "ఎప్పుడొస్తరు" అని ఒక్కటే అడిగాడు. ఉగాదికన్నారు. రెండో వారం ఫోన్ తిప్పి వాళ్లు కడుతున్న బిల్డింగు చూపించారు, ఎన్ని అంతస్తులో లెక్కపెట్టాడు.

క్లాసులో ఇంకా పెద్దగా మాట్లాడటం లేదు. కొన్ని రోజులు కాగితాలు చింపుతున్నాడు కూడా. ఆ రోజుల్లో నేను ఏమీ అనను, వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యి వేస్తాను. మొన్న మాత్రం గుడ్డు తిన్నాడు.

ఇక మిగతా పిల్లలు. హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూస్తే మా బడిలో తల్లిదండ్రులు వలస పోయి, ముసలివాళ్ల దగ్గరో అన్నదమ్ముల దగ్గరో ఉన్నవాళ్లు ముప్పై ఒక్క మంది తేలారు. ఒక్కొక్క టీచర్ నలుగురైదుగురిని పంచుకున్నాం. వారానికి ఒకసారైనా "తిన్నవా, నిద్ర పడుతున్నదా" అని అడగాలని అనుకున్నాం. ఇది మన దేవరకొండ తమ్ముడు చెప్పిన ప్రశ్నే. కౌన్సెలర్ కోసం హెచ్ఎం సంతకంతో లెటర్ పోయింది, నకలు మీద ముద్ర కూడా వేయించుకున్నాం.

నాకు వచ్చిన నలుగురిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. ప్రతి సోమవారం రావడం లేదు. కస్తూర్బా మేడం, రేపు వాళ్ల ఇంటికి వెళ్తున్నాను. ఆడపిల్ల కాబట్టి మా హిందీ మేడంను కూడా రమ్మన్నాను. ముందు ఎవరు మాట్లాడితే మంచిది?

కస్తూర్బా_సీఆర్టీ

మేడంనే మాట్లాడనివ్వండి సార్. మీరు బయట వాళ్ల తాతతో కూర్చోండి. సోమవారం సంగతి మొదటే ఎత్తవద్దు.